యాది తగ్గకుండా ఏం తినాలి, ఎట్లా వండాలి: పాలమూరు, నల్లగొండ ఇళ్ల కోసం

డబ్బాలో నెలల తరబడి ఉండిపోయిన పల్లీలు నోట్లో వేసుకుంటే చేదుగా, ముక్కిన వాసనగా ఉంటాయి. గింజలోని నూనెకు గాలిలోని ఆక్సిజన్ తగిలి చెడిపోవడమే కారణం. నీటిని పక్కనపెడితే మెదడు బరువులో సగానికి పైగా కొవ్వే. ఒంటి బరువులో అది 2 శాతమే అయినా మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం వాడేసుకుంటుంది. అంత ఆక్సిజన్ ఖర్చయ్యే చోట కొవ్వును చెడగొట్టే ఫ్రీ రాడికల్స్ కూడా పుడుతుంటాయి. వాటిని అణచడానికి ఒంట్లోనే ఎంజైములున్నాయి. విటమిన్ సి, విటమిన్ ఇ, కెరోటిన్లు, పండ్ల రంగుల్లో ఉండే పాలీఫినాల్స్ తిండిలోంచి వచ్చి వాటికి తోడవుతాయి. వీటన్నిటినీ కలిపి యాంటీ ఆక్సిడెంట్లు అంటున్నాం. వయసు మీదపడేకొద్దీ ఒంటి సొంత రక్షణ సన్నగిల్లుతుంది కాబట్టి తిండి పాత్ర పెరుగుతుంది.

ఇంతవరకు శాస్త్రంలో తగాదా లేదు. దీన్ని చూపించి గోలీల డబ్బా అమ్మే దగ్గరే లెక్క తప్పుతుంది.

గోలీల సంగతి ముందు తేల్చుకుందాం

ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే 29 వేల మందికి పైగా మగవాళ్లకు ఏళ్లపాటు బీటా కెరోటిన్, విటమిన్ ఇ గోలీలు ఇచ్చి చూశారు. 1994లో ఫలితం బయటికొచ్చింది: బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. అమెరికాలో 7,500 మందికి పైగా పెద్ద వయసు మగవాళ్లకు విటమిన్ ఇ, సెలీనియం ఇచ్చి మతిమరుపు జబ్బు ఆగుతుందేమో చూశారు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం ఆగలేదు. అదే గోలీలు ఇచ్చిన పెద్ద అధ్యయనంలో విటమిన్ ఇ వేసుకున్నవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ కొంచెం ఎక్కువగా వచ్చిందని 2011లోనే తేలింది. జామకాయలో విటమిన్ సి ఒక్కటే ఉండదు. దాంతోపాటు పీచు, పొటాషియం, మరెన్నో పదార్థాలు చిన్నచిన్న మోతాదుల్లో వస్తాయి. ఒకే పదార్థాన్ని విడదీసి పది ఇరవై రెట్లు పోస్తే ఒళ్లు దాన్ని తిండిలాగా తీసుకోదు.

కాబట్టి బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటున్నవాళ్లు బీటా కెరోటిన్ గోలీల జోలికి అసలే పోవద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు విటమిన్ ఇ 400 యూనిట్ల గోలీలు సొంతంగా మొదలుపెట్టొద్దు, రక్తస్రావం పెరుగుతుంది. పరీక్షలో లోపం తేలి డాక్టర్ రాసిస్తే అది వేరే మాట.

తిండి విషయంలోనూ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఆకుకూరలు, గింజలు, బెర్రీ పండ్లతో కూడిన ‘మైండ్’ డైట్‌ను అమెరికాలో 600 మంది మీద మూడేళ్లు పరీక్షిస్తే, మామూలుగా తిండి తగ్గించుకున్నవాళ్ల కంటే జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు (2023). ఫిన్లాండ్‌లోనే 60 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న 1,260 మందికి రెండేళ్లపాటు తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ-షుగర్ అదుపు నాలుగూ కలిపి ఇచ్చినప్పుడు మాత్రం ఆలోచనాశక్తి మెరుగుపడింది (2015). కింద రాసిన వంటింటి పద్ధతులన్నీ ఈ నాలుగింటిలో ఒక కాలు మాత్రమే. మిగతా మూడింటి గురించి చివర్లో.

రోజుకు ఎంత

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2,000 క్యాలరీల పళ్లెంలో ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండాలి. కూర్చుని ఉండే పెద్దవాళ్లకు ఇంత క్యాలరీ అక్కర్లేదు. వాళ్లకు తగ్గించాల్సింది అన్నాన్ని, కూరను కాదు. మన ఇళ్లల్లో జరిగేది దీనికి ఉల్టా. నోట్లో పండ్లు లేవు, నమలలేరు అని ముసలివాళ్లకు పళ్లెం నిండా మెత్తటి తెల్లన్నం, పైన చారు, అంచుకు తొక్కు పెడతాం.

ఆకుకూర 100 గ్రాములంటే కాడలు తీసి తరిగాక సుమారు రెండు దోసిళ్లు. వండితే ఒక చిన్న గిన్నెడు అవుతుంది. కట్టల సైజు అంగడికో తీరు ఉంటుంది కాబట్టి ఒకసారి కిరాణా త్రాసులో తూచి కంటిలెక్క పెట్టుకోండి. పల్లీలు, నువ్వులు, అవిసెలు అన్నీ కలిపి ఒక పిడికెడు. నూనె మనిషికి నెలకు 900 మిల్లీలీటర్లు దాటొద్దు. అంటే నలుగురున్న ఇంట్లో మూడున్నర లీటర్లు, మామిడికాయ తొక్కులో పోసిన నూనెతో సహా. నెల మొదట్లో ఆ నూనెను విడిగా ఒక క్యాన్‌లో పోసి పెట్టుకుంటే ఎక్కడ దాటుతున్నామో కనిపిస్తుంది.

ఆకుకూర: ఏది, ఎట్లా

తోటకూర, పాలకూర, పుంటికూర, బచ్చలి, చుక్కకూర, పొన్నగంటి, మెంతికూర, మునగాకు, చింతచిగురు, గంగవాయిలికూర. వారంలో కనీసం నాలుగు రకాలు తిప్పాలి. ఒక్క పాలకూరనే రోజూ వండితే ఆక్సలేట్లు ఎక్కువై, కిడ్నీ రాళ్ల తత్వం ఉన్నవాళ్లకు ఇబ్బంది అవుతుంది. మునగాకులో కెరోటిన్, విటమిన్ సి రెండూ దండిగా ఉంటాయి. వానలు పడ్డాక చెలకల్లో దానంతటదే మొలిచే గంగవాయిలికూరలో ఒమేగా-3 కొవ్వు కూడా ఉంటుంది, ఆకుకూరల్లో ఇది అరుదు. కానీ దీన్ని ఎక్కడ తెంపుతున్నారో చూడాలి. పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టిన గట్ల మీద తెంపొద్దు. మందు కొట్టిన మర్నాడే ఆకు ఎండిపోదు, పచ్చగానే కనిపిస్తుంది. మూసీ మురుగునీటి కింద పండిన ఆకు కంటే పెరట్లో రెండు గంపల మన్నులో వేసుకున్న తోటకూర మేలు. నారు వేసిన 25, 30 రోజులకు కోతకు వస్తుంది.

వండే తీరులోనే సగం పోతుంది, సగం మిగులుతుంది. పద్ధతి ఇది:

ఆకును తరగకముందే కడగాలి. ముందు ఒక బకెట్ నీళ్లలో ముంచి మట్టి అడుక్కు దిగేదాకా ఆగి, పైనుంచి ఆకు తీసి, మళ్లీ ధారకింద కడగాలి. తరిగాక కడిగితే విటమిన్ సి, ఫోలేట్ నీళ్లల్లో కలిసి మోరీలోకి పోతాయి. తరిగింది వెంటనే వండాలి. పొద్దున తరిగి సాయంత్రం వండే అలవాటుంటే తరగడం సాయంత్రానికే పెట్టుకోండి.

పప్పును కుక్కర్లో విడిగా ఉడకబెట్టి మెదపాలి. ఆకును అందులో చివర వేసి మూతపెట్టి 5, 6 నిమిషాలు ఉడికించాలి. మునగాకు, పొన్నగంటి లాంటి గట్టి ఆకులకు 8, 10 నిమిషాలు పడుతుంది. పప్పుతో పాటే ఆకును కుక్కర్లో వేసి నాలుగు కూతలు పెడితే రంగు చచ్చిపోయి మట్టిరంగుకు వస్తుంది. విటమిన్ సి కూడా చాలావరకు అప్పుడే పోతుంది. పచ్చగా ఉండాలని తినే సోడా వేయడం ఇంకా తప్పు. సోడా క్షారం విటమిన్ సి ని, బి1 ని రెంటినీ దెబ్బతీస్తుంది. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో పుంటికూర, చుక్కకూర లాంటి పులుపు వండొద్దు. రాగి తగిలితే విటమిన్ సి తొందరగా చెడుతుంది, పులుపుకు లోహం కూడా కూరలోకి దిగుతుంది.

పోపులో మనిషికి ఒక చెంచా నూనె ఉండాలి. కెరోటిన్లు కొవ్వులోనే కరుగుతాయి. బరువు తగ్గాలని ఆకుకూరను ఉత్త నీళ్లతో ఉడికించి తినేవాళ్లకు అందులోని కెరోటిన్ పెద్దగా ఒంటబట్టదు. నిమ్మరసం పొయ్యి దించాకే పిండాలి. పుంటికూరకు, చింతచిగురుకు ఆ అవసరమే లేదు.

పచ్చిగా తింటేనే మంచిదన్న మాట అన్నిటికీ చెల్లదు. టమాటాలోని లైకోపీన్, క్యారెట్‌లోని కెరోటిన్ నూనెలో మగ్గినప్పుడే ఎక్కువగా ఒంటికి అందుతాయి. ఎల్లిపాయను మాత్రం దంచి పది నిమిషాలు ఆగి పోపులో వేయండి. దంచిన తర్వాతే అందులోని అల్లిసిన్ తయారవుతుంది, వెంటనే వేడి తగిలితే ఆగిపోతుంది.

మునగాకు పొడి, ఎండకాలం కోసం

ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు వైపు ఆకుకూర దొరకడం కష్టం, దొరికినా ధర మండుతుంది. దానికి ముందే, మాఘంలో ఫాల్గుణంలో పొడి చేసిపెట్టుకోవాలి. మరీ ముదరని కొమ్మలు కోసి, కడిగి, దులిపి, కట్టలుగా నీడన వేలాడదీస్తే నీళ్లు కారిపోతాయి. ఆకులు దూసి, పలచటి బట్ట మీద ఒక వరసగా పరిచి, గాలాడే గదిలో ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. రోజుకు రెండుసార్లు కలియబెట్టాలి. రెండు నుంచి నాలుగు రోజుల్లో గుప్పిట పట్టి నలిపితే గలగలలాడుతూ పొడవుతుంది. అప్పుడు మిక్సీ పట్టి జల్లించి, స్టీలు డబ్బాలో గట్టిగా మూతపెట్టండి.

ఎండలో ఆరబెడితే ఒక్క పూటలో పనైపోతుంది, కానీ ఆకు పసుపు తిరుగుతుంది. పచ్చదనం పోయిందని అర్థం, వెలుతురుకు కెరోటిన్ కూడా విరిగిపోతుంది. సరిగా ఎండకముందే డబ్బాలో పోస్తే వారంలో బూజు పడుతుంది. సన్న కాడలు ఏరకపోతే పొడి నోట్లో పీచుపీచుగా తగులుతుంది, ముసలివాళ్లు రెండోసారి ముట్టరు. మనిషికి రోజుకు ఒక చెంచా చాలు. జొన్నపిండిలో కలిపి రొట్టె చేయొచ్చు, దించిన పప్పులో కలపొచ్చు. రెండు మూడు నెలల్లో వాడేయండి. ఆరబెట్టడంలో విటమిన్ సి చాలావరకు పోతుంది కాబట్టి పొడి ఉన్నరోజుల్లో కూడా నిమ్మకాయో, జామకాయో కావాలి.

పండ్లు: నెలను బట్టి

బ్లూబెర్రీల కోసం హైదరాబాద్ పోవాల్సిన పనిలేదు. వాటికి ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు జూన్, జూలైలో వచ్చే అల్లనేరేడు తోలులోనూ ఉంటాయి. తోలుతోనే తినాలి, నాలుక నల్లబడాలి. ఎండకాలం కొల్లాపూర్ మామిడిలో కెరోటిన్, వానాకాలం పోతూపోతూ బాలానగర్ సీతాఫలం, చలికాలం జామ, ఉసిరి, సంక్రాంతికి రేగుపండ్లు. నల్లగొండ బత్తాయి వానాకాలం చివర పెద్ద పంటగా, ఎండలు ముదిరేటప్పుడు కత్తెర కాయగా రెండుసార్లు అందుతుంది.

బత్తాయిని జ్యూస్ చేయొద్దు. ఒక గ్లాసుకు మూడు నాలుగు కాయలు పోతాయి, పీచు జల్లెడలో మిగిలిపోతుంది, పైన రెండు చెంచాల చక్కెర. తొనలను తెల్లపొరతో సహా తినాలి. హెస్పెరిడిన్ అనే ఫ్లేవనాయిడ్ రసంలో కంటే ఆ పొరలోనే ఎక్కువ. నోట్లో పండ్లు లేని పెద్దవాళ్లకైతే తొనలు విప్పి గింజ తీసి చిన్నముక్కలుగా ఇవ్వండి, నెమ్మదిగా చప్పరిస్తారు.

విటమిన్ సి రోజుకు మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు కావాలని 2020లో సవరించిన లెక్క. జామకాయ 100 గ్రాముల్లో 200 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది, అంటే సగం కాయతో ఆ రోజు పని అయిపోయింది. ఉసిరి కూడా ఇదే వరసలో ఉంటుంది. సీజన్ అయిపోయాక దాచుకోవడానికి తొక్కు పెడతాం, దాంతో బీపీ ఉన్నవాళ్ల ఒంట్లోకి రోజూ ఉప్పు పోతుంది. మురబ్బాలు, లేహ్యాలలో చక్కెర పాళ్లే ఎక్కువ. ఫ్రిజ్ ఉన్నవాళ్లకు మంచి దారి ఉంది. కార్తీకం నుంచి మాఘం దాకా దొరికే ఉసిరికాయలను కడిగి, తుడిచి, స్టీలు తురుముపీటపై తురిమి, కొంచెం నీళ్లు కలిపి ఐస్ గిన్నెలో గడ్డకట్టించండి. గడ్డలను కవర్లోకి మార్చి గాలి పోయేటట్టు మూతి కట్టాలి. రోజుకో గడ్డ మజ్జిగలోనో, పొయ్యి దించిన పప్పుచారులోనో వేసుకోవాలి. నకిరేకల్ మార్కెట్లో నిమ్మకాయ ధర పడిపోయినప్పుడు నిమ్మరసాన్ని కూడా ఇట్లాగే దాచొచ్చు.

సీతాఫలం తినడానికి అడ్డు లేదు, షుగర్ ఉన్నవాళ్లు చిన్న కాయలో సగంతో ఆగాలి. కానీ సీతాఫలం ఆకు కషాయం, లక్ష్మణఫలం ఆకు టీ అని అమ్మేవి కొనొద్దు. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో లక్ష్మణఫలాన్ని, దాని ఆకు కషాయాన్ని ఎక్కువగా వాడినవాళ్లలో పార్కిన్సన్‌ను పోలిన నరాల జబ్బు కనిపించింది. మెదడును కాపాడుతుందని తాగి మెదడుకే చేటు తెచ్చుకోవడం ఎందుకు?

గింజలు, నూనె, రొట్టె

మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లీల జిల్లాలు. పల్లీలో విటమిన్ ఇ ఉంది, పైపొట్టులో పాలీఫినాల్స్ ఉన్నాయి కాబట్టి పొట్టు ఊదేయకుండా తినండి. ప్రమాదమల్లా బూజుతో. తేమ తగిలిన పల్లీల మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. పల్లికాయను వొలవకుండానే ఎండబెట్టి నిల్వచేసుకుని, కావాల్సినప్పుడు వొలుచుకోవడం అన్నిటికంటే మంచిది. వొలిచాక ముడుచుకున్నవి, నల్లబడ్డవి, పచ్చబూజు పట్టినవి ఏరి పారేయాలి, బర్రెకు కూడా పెట్టొద్దు. నోట్లో చేదు తగిలితే ఉమ్మేయండి.

అవిసె గింజలు పూర్తిగా మింగితే అట్లాగే బయటికి పోతాయి. సన్నమంట మీద చిటపటలాడేదాకా వేయించి, పొడి కొట్టి, పది పదిహేను రోజులకు సరిపడానే చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టాలి. మోతాదు రోజుకు ఒక పెద్ద చెంచా. అవిసె పొడి మందుల పనిని కూడా కొంత అడ్డుకోగలదు కాబట్టి గోలీలు వేసుకునే వేళకు రెండు గంటల ఎడం ఉంచండి.

కుసుమ నూనె, పొద్దుతిరుగుడు నూనెల్లో విటమిన్ ఇ ఎక్కువే, కానీ ఎక్కువ మంటకు ఇవి తొందరగా చెడిపోతాయి. గారెలకు, సకినాలకు పల్లినూనె నయం. ఏ నూనె అయినా ఒకసారి కాగి నల్లబడి, నురగ కడుతుంటే మళ్లీ కాచొద్దు. మిగిలిన నూనెను వడగట్టి రెండు రోజుల్లో పోపులకే వాడేయాలి. బండి మీద పొద్దటి నుంచి రాత్రిదాకా మరిగే నూనెలో వేసిన మిర్చి తింటూ ఉసిరికాయ తిన్నాం కదా అనుకుంటే లాభం లేదు.

జొన్నలు, తైదలు పాలిష్ పట్టనివే వాడండి. ఫినాలిక్ పదార్థాలు పై తవుడులోనే ఉంటాయి. రొట్టె కొరకలేనివాళ్లకు జొన్న గటక, తైద అంబలి.

చాయ్, గ్రీన్ టీ: నల్లగొండకు వేరే లెక్క

టీలో పాలీఫినాల్స్ ఉన్నాయి, కాబట్టి రోజుకు నాలుగైదు కప్పులు గ్రీన్ టీ తాగమని సలహాలు తిరుగుతుంటాయి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఈ సలహా పాటించొద్దు. టీ చెట్టు నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో కూడబెట్టుకుంటుంది. ముదురు ఆకుల్లో, వాటితో చేసే చవక డస్ట్ టీలో ఇంకా ఎక్కువ. తాగేనీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ఇప్పటికే ఎముకల్లో నిండా ఫ్లోరైడ్ ఉన్న మనిషికి టీ రూపంలో మరికొంత ఎందుకు? రోజుకు రెండు చిన్న కప్పుల చాయ్‌తో ఆపేయండి, ఆ పాలీఫినాల్స్ పండ్లలో దొరుకుతాయి.

నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకిన కొద్దీ చిక్కబడుతుంది. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్న ఇళ్లల్లో కూడా తాగడానికి భగీరథ నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడుతుంటారు. పప్పు, అన్నం ఉడికేటప్పుడు పీల్చుకునే నీళ్లు తక్కువేం కాదు, వంటకు కూడా భగీరథ నీళ్లే పట్టండి. తైదలు, పాలు, నువ్వులలోని కాల్షియం కడుపులో ఫ్లోరైడ్‌ను కొంత పట్టి ఆపుతుంది. ఈ ఊళ్లల్లో పెద్దవాళ్ల మతికి ఫ్లోరైడ్‌తో ఉన్న సంబంధం ముఖ్యంగా నడకలో ఉంది. నడుం, మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషి గడప దాటడు, నలుగురితో మాట్లాడడు, మెదడుకు పని తగ్గిపోతుంది.

ఇంకొక మాట: అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆకుకూరలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. గంట ఆగాలి.

పసుపు గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. కూరలో వేసేదే చాలు, మిరియాలు తోడుంటే కొంచెం ఎక్కువ ఒంటబడుతుంది. పసుపు నుంచి తీసే కర్‌క్యుమిన్ క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. పొడి కొనేకంటే కొమ్ములు తెచ్చి పట్టించుకుంటే రంగు కోసం కలిపే సీసం రసాయనం బెడద ఉండదు. సీసం నేరుగా మెదడుకే విషం.

ఎవరు చూసుకుని తినాలి

గుండె కవాటం మార్చుకుని అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆకుకూర మానేయనక్కర్లేదు, ఒక్కసారిగా పెంచకూడదు. ఆకులోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది. వారం వారం ఒకే మోతాదులో తింటూ, పెంచాలనుకుంటే డాక్టర్‌కు చెప్పి, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుని పెంచాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు పొటాషియం ప్రమాదం. బత్తాయి, ఆకుకూర, కొబ్బరినీళ్లు ఎంతవరకో వాళ్ల డాక్టరే చెప్పాలి. పైన రాసిన కొలతలు వాళ్లకు వర్తించవు.

ఆకుకూరతో తీరనివి

బి12 ఏ ఆకులోనూ లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. అరికాళ్లల్లో తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు మూడూ కలిసి వస్తే ముందు దీన్నే అనుమానించాలి. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు రోజూ పాంటోప్రజోల్ లాంటివి వేసుకునేవాళ్లలో ఈ లోపం తరచుగా వస్తుంది. ఇక్కడొక చిక్కుంది. ఆకుకూరల్లో దండిగా ఉండే ఫోలేట్, ముఖ్యంగా ఫోలిక్ యాసిడ్ గోలీలు, రక్తహీనతను సర్దేస్తాయి. రక్తం బాగానే ఉందని ఊరుకుంటే నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. వారానికి మూడు నాలుగు గుడ్లు, రెండుసార్లు చెరువు చేప పులుసు, శాకాహారులైతే రోజూ పాలు పెరుగు. తిండి మార్చడంతో ఆగకుండా పరీక్ష చేయించాలి.

బీపీ గురించి గట్టిగానే చెప్పాలి. 2019లో వచ్చిన అమెరికా అధ్యయనంలో పైసంఖ్యను 140 దగ్గర కాకుండా 120 లోపు ఉంచినవాళ్లలో తొలిదశ మతిమరుపు తక్కువగా కనిపించింది. మీకు ఎంత ఉండాలో డాక్టర్ చెప్తారు, కానీ పల్లె దవాఖానలో ఇచ్చిన గోలీలు బాగుంది కదా అని మధ్యలో మానడం మాత్రం మెదడు రక్తనాళాలకు చేటు. ఉప్పు రోజుకు ఒక చిన్న చెంచా, తొక్కులతో కలిపి. చెవులు సరిగా వినపడకపోవడం, కంట్లో శుక్లం, ఒంటరితనం, పొగ, షుగర్, తలకు దెబ్బలు అన్నీ 2024లో లాన్సెట్ కమిషన్ గుర్తించిన 14 కారణాల్లో ఉన్నాయి. వీటిని సరిచేసుకోగలిగితే ప్రపంచంలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపవచ్చు లేదా వాయిదా వేయవచ్చని వాళ్ల అంచనా. నాయినకు చెవుడు, ఏం చెప్పినా అర్థం కాదు అని ఇంట్లో అనుకునే మాటల వెనక చాలాసార్లు చెవి మిషన్‌తో తీరే సమస్యే ఉంటుంది.

నడక వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు ఇరవై ఇరవై ఐదు. మెదడుకు పని కావాలంటే వచ్చిన పాటనే పాడటం కంటే రాని బతుకమ్మ పాట నేర్చుకోవడం మేలు. పచ్చీసు, పులి-మేక ఆడేవాళ్లు దొరికితే ఇంకా మంచిది.

కల్లు సంగతి పాలమూరులో దాటేయడానికి లేదు. చెట్టు కల్లు కాకుండా, ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన మందుకల్లు ఏళ్లపాటు తాగితే యాది మందగిస్తుంది, అడుగులు తడబడతాయి. ఇంట్లోవాళ్లు వయసు మీదపడిందనుకుంటారు. ఒక్కసారిగా మాన్పిస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, నిద్రలేమి, పిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్ కూడా రావొచ్చు. మాన్పించే పని ఇంట్లో కాదు, జిల్లా దవాఖానలో మందులతో నెమ్మదిగా జరగాలి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. నిద్రకోసం ఎవరో ఇచ్చిన గోలీలు ఏళ్లుగా వాడుతున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

దవాఖానకు ఎప్పుడు, ఏం పట్టుకుని

తాళంచెవి ఎక్కడ పెట్టామో మరవడం అందరికీ ఉంటుంది. తాళంచెవి దేనికో తెలియకపోవడం, తెలిసిన ఊళ్లో దారి తప్పడం, వండిన కూరనే మళ్లీ వండటం, పైసల లెక్క తప్పడం ఉంటే చూపించాలి. మాట తీరు గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మారిపోతే మతిమరుపు అనుకుని ఆగొద్దు. మూతి వంకర, చేయి పడిపోవడం ఉంటే పక్షవాతం. లేదంటే షుగర్ పడిపోవడమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఎండదెబ్బకు ఒంట్లో ఉప్పు నీరు తగ్గడమో. ఎండకాలంలో బీపీకి మూత్రం వచ్చే గోలీలు వేసుకునే ముసలివాళ్లలో సోడియం పడిపోవడం మామూలే. 108కి ఫోన్ చేయండి. నెల కింద తలకు దెబ్బ తగిలి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పాలి. మెదడు పైపొరల్లో రక్తం నెమ్మదిగా చేరి వారాల తర్వాత బయటపడుతుంది.

మామూలుగా పోయేటప్పుడు వాడుతున్న గోలీల షీట్లు, ఆకుమందులు, పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకుని, ఇంట్లో రోజూ చూసే మనిషిని వెంటబెట్టుకుని పోవాలి. బి12, థైరాయిడ్, సోడియం, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు అడగండి. బలానికని ఊళ్లో ముందే బి12 సూదులు వేయించుకుని ఆ తర్వాత రక్తం ఇస్తే, లోపం ఉన్నా రిపోర్టులో నిండుగా కనిపిస్తుంది. కాబట్టి రక్తం ఇచ్చిన తర్వాతే సూది వేయించుకోండి.